అమ్మ డైరీలు కాలిపోయాయి, నాన్న గొంతు మిగిలింది: 'మౌస్' ఎలా రాశారు?

ఈ ఎపిసోడ్‌లో ఒక పుస్తకం గురించి మాట్లాడుకుందాం. పుస్తకం అనగానే వీడియో మార్చేయకండి, ఇది బొమ్మల పుస్తకం. కామిక్ అన్నమాట. కాకపోతే దీంట్లో సూపర్ హీరోలు ఉండరు. ఎలుకలు, పిల్లులు, పందులు, కుక్కలు ఉంటాయి. అవి కూడా పిల్లల కోసం కాదు.

పుస్తకం పేరు 'మౌస్'. మీ కంప్యూటర్ పక్కన ఉండేది కాదండీ. జర్మన్ భాషలో ఎలుకని ఇలాగే పలుకుతారు, స్పెల్లింగ్ మాత్రం వేరు. రాసింది, గీసింది ఆర్ట్ స్పీగెల్‌మన్ అనే అమెరికన్. ఆయన అమ్మానాన్న పోలండ్ దేశపు యూదులు. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సైన్యం చేతిలోంచి వాళ్లిద్దరూ ఎలా బతికి బయటపడ్డారు అనేదే కథ. మొదటి భాగం 1986లో, రెండో భాగం 1991లో పుస్తకాలుగా వచ్చాయి. 1992లో పులిట్జర్ వాళ్లు దీనికి ప్రత్యేక అవార్డు ఇచ్చారు. ఒక కామిక్ పుస్తకానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

నేను రెండు ప్రశ్నలు పెట్టుకుని మాట్లాడతాను. ఒకటి, ఆ కుటుంబం ఎలా బతికింది? రెండోది, నాకు ఇంకా ముఖ్యమైనదిగా అనిపించేది: అంత బాధపడి బతికొచ్చిన నాన్న గురించి కొడుకు నిజం రాయొచ్చా? నాన్నలో మంచి కాని విషయాలు కూడా రాయొచ్చా? రాస్తే ఏమవుతుంది?

ముందు కొంచెం లెక్క

యుద్ధానికి ముందు పోలండ్‌లో దాదాపు 33 లక్షల మంది యూదులు ఉండేవారు. యుద్ధం అయ్యేసరికి వాళ్లలో దాదాపు 30 లక్షల మందిని చంపేశారు. అంటే పదిమందిలో తొమ్మిదిమంది. యూరప్ మొత్తం మీద చూస్తే 60 లక్షల మంది. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మనం ఇప్పుడు చెప్పుకునేది ఆ మిగిలిన ఒక్కడి కథ. తొమ్మిది కథలు చెప్పడానికి ఎవరూ లేరు. ఈ విషయం దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక కుటుంబం. నాన్న పేరు వ్లాదెక్, 1906లో పుట్టాడు. బట్టల వ్యాపారం చేసేవాడు. అమ్మ పేరు ఆన్యా, 1912లో పుట్టింది. ఆమె పుట్టింటివాళ్లు బాగా ఉన్నవాళ్లు, సాక్సుల వ్యాపారం. ఊరి పేరు సోస్నోవియెత్స్, జర్మనీ సరిహద్దుకి దగ్గరలో ఉండే ఊరు. 1937లో వీళ్ల పెళ్లయింది, అదే సంవత్సరం కొడుకు పుట్టాడు. పేరు రిషూ. రాసిన ఆర్ట్ కాదు, ఆర్ట్‌కి అన్నయ్య. ఆర్ట్ పుట్టింది 1948లో, స్వీడన్‌లో. ఆ అన్నయ్యని ఆర్ట్ ఎప్పుడూ చూడలేదు.

ఒక్కో మెట్టు దిగడం

1939 సెప్టెంబర్ 1న జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. వ్లాదెక్ అప్పటికే పోలండ్ సైన్యంలోకి పిలుపు వచ్చి వెళ్లాడు. యుద్ధ ఖైదీగా దొరికిపోయాడు. కొన్ని నెలల తర్వాత విడుదలై, ఎలాగో తంటాలు పడి ఇంటికి చేరాడు.

ఇంట్లో అందరూ ఉన్నారు. కానీ జీవితం మారిపోయింది. ఇక్కడ నేను మీ దృష్టికి తేవాలనుకునేది ఏంటంటే, చంపడం మొదటి రోజే మొదలవలేదు. ముందు వ్యాపారాలు లాక్కున్నారు. తర్వాత రేషన్ తగ్గించారు. చేతికి నక్షత్రం గుర్తు కట్టుకోమన్నారు. తర్వాత ఇళ్లు ఖాళీ చేయించి ఒకే గదిలో ఎక్కువమందిని కుక్కారు. ప్రతి మెట్టు దగ్గరా జనం అనుకున్నారు, సరే, ఇంతటితో ఆగుతుందిలే అని. వ్లాదెక్ బ్లాక్‌లో బట్టలూ, పంచదారా అమ్మి ఇల్లు గడిపాడు.

1942 ఆగస్టులో ఊళ్లో యూదులందర్నీ స్టేడియంకి రమ్మన్నారు. కాగితాల మీద ముద్ర వేయించుకోవాలి, అంతే అన్నారు. వేలమంది వెళ్లారు. తీరా చూస్తే అక్కడ మనుషుల్ని రెండు వైపులకి విడగొడుతున్నారు. ఒక వైపు ఇంటికి, ఇంకో వైపు చావుకి. వ్లాదెక్ వాళ్ల నాన్నకి మంచి వైపు ముద్ర పడింది. కానీ ఆయన కూతురు ఫేలా, ఆమె నలుగురు పిల్లలు చెడ్డ వైపు పడ్డారు. ఒక్కతే నలుగురు పిల్లలతో ఏం చేస్తుంది అనుకుని ఆ పెద్దాయన కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ వైపు వెళ్లినవాళ్లు ఇక ఇంటికి రాలేదు.

రిషూ సంగతి చెప్పాలి. పిల్లాడు తమ దగ్గర ఉంటే ప్రమాదమని, ఆన్యా అక్క తోషా దగ్గరికి వేరే ఊరు పంపించారు. ఆ ఊరి పేరు జావియెర్చే. అక్కడైతే కాస్త నయం అనుకున్నారు. 1943లో ఆ ఊళ్లో యూదులందర్నీ తీసుకెళ్లిపోతున్నారని తెలిసింది. గ్యాస్ గదుల్లోకి పిల్లల్ని పంపడం కన్నా నా చేతుల్లోనే పోనీ అనుకుంది తోషా. తను విషం తీసుకుని, తన కూతురికీ, తన దగ్గర ఉన్న మిగతా ఇద్దరు పిల్లలకీ ఇచ్చింది. ఆ ఇద్దరిలో ఒకడు రిషూ. వాడికి ఆరేళ్లు కూడా నిండలేదు.

వెనక్కి తిరిగి చూసి, పంపకుండా ఉండాల్సింది అని మనం అనగలమా? అనలేం. ఆ రోజు వాళ్లకి తెలిసిన దాన్నిబట్టి అదే మంచి నిర్ణయం. యుద్ధం అయ్యాక కూడా వాళ్లిద్దరూ అనాథాశ్రమాల్లో పిల్లాడి కోసం వెతికారు.

తెలివి, డబ్బు, దాక్కోవడం

మిగిలిన కుటుంబం స్రోదులా అనే పేటలోకి వచ్చిపడింది. యూదుల్ని మాత్రమే ఉంచే కంచె లోపలి పేట, గెట్టో అంటారు. అక్కడ దాక్కోవడానికి బొగ్గుల పెట్టె కింద నుంచి దారి పెట్టి ఒక రహస్య గది కట్టారు. తర్వాత ఇంకో ఇంట్లో అటక మీద ఇంకోటి. ఈ రహస్య గదుల ప్లాన్లు పుస్తకంలో బొమ్మలు వేసి మరీ చూపిస్తాడు ఆర్ట్. ఎక్కడ తలుపు, ఎక్కడ గోడ, మనిషి ఎలా దూరాలి అనేది అంతా. నాన్నే కాగితం మీద గీసి చూపించాడు మరి.

చివరికి ఒక అపరిచితుడి మీద జాలిపడి వదిలేస్తే, వాడే పట్టించాడు. అక్కడ హాస్కెల్ అని వ్లాదెక్ బంధువు ఒకతను ఉండేవాడు. నాజీల కింద పనిచేసే యూదు పోలీసుల్లో పెద్ద. డబ్బు, నగలు తీసుకుని వ్లాదెక్‌ని, ఆన్యాని తప్పించాడు. ఆన్యా తల్లిదండ్రుల నగలు కూడా తీసుకున్నాడు. వాళ్లని మాత్రం తప్పించలేదు. ఇంతకుముందు కోట్లు ఉన్న మనిషి, ఇప్పుడు చేతిలో నగలు పెట్టుకుని కూడా బతకలేకపోయాడు. ఆ పెద్దవాళ్లిద్దర్నీ ఆష్విట్జ్‌కి పంపేశారు.

గెట్టో ఖాళీ అయిపోయాక వ్లాదెక్, ఆన్యా బయట పోలండ్‌వాళ్ల లాగా నటిస్తూ తిరిగారు. ఇక్కడ ఒక చిన్న విషయం నాకు బాగా గుర్తుండిపోయింది. ట్రామ్ ఎక్కాలి. రెండు పెట్టెలు ఉంటాయి, ఒకటి జర్మన్లకి, ఒకటి పోలండ్‌వాళ్లకి. మీరైతే ఏది ఎక్కుతారు? వ్లాదెక్ జర్మన్ల పెట్టె ఎక్కేవాడు. ఎందుకంటే జర్మన్లు పక్కవాడిని పట్టించుకోరు. పోలండ్‌వాళ్లు మాత్రం, ఎన్నో ఏళ్లు యూదులతో కలిసి బతికినవాళ్లు, ఒక్క చూపుతో గుర్తుపట్టేస్తారు.

అదే సమయంలో వాళ్లని దాచింది కూడా పోలండ్‌వాళ్లే. ఒకావిడ పశువుల కొట్టంలో, ఇంకొకావిడ ఇంట్లో, నేలమాళిగలో. డబ్బు తీసుకునే దాచారు. కానీ దొరికితే వాళ్లకీ చావే. పోలండ్‌వాళ్లు మంచివాళ్లా చెడ్డవాళ్లా అని ఒక్క మాటలో తేల్చేద్దామంటే ఈ పుస్తకం కుదరనివ్వదు.

చివరికి హంగరీకి దాటించేస్తామని కొందరు స్మగ్లర్లు చెప్పారు. ఆన్యా వద్దంది. వ్లాదెక్ ఊరికే నమ్మలేదు. ముందు వెళ్లిన ఒకతని నుంచి క్షేమంగా చేరానని ఉత్తరం వస్తేనే వస్తాం అన్నాడు. ఉత్తరం వచ్చింది. అతని చేతిరాతే, వాళ్ల యిద్దిష్ భాషలోనే. రైలెక్కారు. రైల్లోనే దొరికిపోయారు. ఆ ఉత్తరం నాజీలు బలవంతంగా రాయించింది. చూశారా, ఆయన చేయగలిగిన జాగ్రత్త అంతా చేశాడు. అయినా సరే. అది 1944 మార్చి. వాళ్లు వెళ్లింది ఆష్విట్జ్‌కి.

ఆష్విట్జ్‌లో ఒక లెక్క

ఆష్విట్జ్ పేరు మీరు వినే ఉంటారు. దాదాపు 13 లక్షల మందిని అక్కడికి తెచ్చారు. దాదాపు 11 లక్షల మందిని చంపారు. లోపలికి వెళ్లగానే వ్లాదెక్ పేరు పోయింది, చేతి మీద నంబర్ పొడిచారు. 175113.

కుంగిపోయి కూర్చున్న వ్లాదెక్ దగ్గరికి ఒక పోలండ్ పూజారి, ఆయనా ఖైదీనే, వచ్చి ఆ నంబర్ చూశాడు. చివర్లో 13 ఉంది, యూదు మగపిల్లాడు పెద్దవాడయ్యే వయసు అది అన్నాడు. ఇప్పుడు అన్ని అంకెలూ కూడండి. 1, 7, 5, 1, 1, 3. మొత్తం 18. హీబ్రూలో అక్షరాలకి అంకెల విలువ ఉంటుంది. జీవం అనే అర్థం ఉన్న మాట విలువ సరిగ్గా 18. నువ్వు బతుకుతావు అన్నాడు ఆయన. మన దగ్గర కూడా సంఖ్యాశాస్త్రం అంటే చెవి కోసుకునేవాళ్లు ఉన్నారు కదా. అది నిజమా అబద్ధమా అని కాదు నేను చెప్పేది. ఆ తర్వాత మరీ తట్టుకోలేని రోజుల్లో వ్లాదెక్ తన చెయ్యి చూసుకునేవాడు. అదీ సంగతి.

అక్కడ ఆయన్ని నిలబెట్టినవి చేతిపనులు. ఖైదీల మీద పెత్తనం చేసే పోలండ్ కాపో ఒకడికి ఇంగ్లిష్ నేర్చుకోవాలని ఉంది. యుద్ధం జర్మనీ ఓడిపోతే రేపు పనికొస్తుందని వాడి లెక్క. వ్లాదెక్‌కి ఇంగ్లిష్ వచ్చు. అంతే, కొన్నాళ్లు మంచి తిండి, ఒంటికి సరిపోయే బట్టలు. తర్వాత రేకు పని వచ్చని చెప్పి రేకుల షాపులో చేరాడు. తర్వాత చెప్పులు కుట్టే పని. గెట్టోలో షూ వర్క్‌షాపులో చూసి నేర్చుకున్నది అక్కడ అక్కరకొచ్చింది. తన వాటా రొట్టె మిగిల్చి, సిగరెట్లు కూడబెట్టి, లంచాలిచ్చి, పక్కనే బిర్కెనావ్‌లో ఉన్న ఆన్యాని తన దగ్గరలోకి మార్పించాడు. ఆకలితో ఉన్న మనిషి రొట్టె తినకుండా దాచాడంటే ఆలోచించండి.

1945 జనవరిలో రష్యా సైన్యం దగ్గరికొస్తుంటే ఖైదీల్ని మంచులో నడిపించుకుంటూ జర్మనీ వైపు తీసుకెళ్లారు. పశువుల రైలు పెట్టెలో నిలబడటానికి కూడా చోటు లేకుండా కుక్కారు. వ్లాదెక్ తన పల్చటి దుప్పటిని పైన కొక్కేలకి కట్టి ఊయల లాగా చేసుకుని అందులో పడుకున్నాడు. అక్కడి నుంచి చెయ్యి చాపి కప్పు మీద మంచు తీసుకుని తిన్నాడు. ఆ పెట్టెలో ఎక్కినవాళ్లలో చాలా కొద్దిమందే ప్రాణాలతో దిగారు. తర్వాత డాకావ్ క్యాంపులో టైఫస్ జ్వరం. అది కూడా గట్టెక్కాడు. యుద్ధం అయ్యాక సోస్నోవియెత్స్ తిరిగొచ్చాడు. ఆన్యా అక్కడ ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం

ఇదంతా విన్నాక మీకు ఒక ఆలోచన రావచ్చు. తెలివి ఉంటే, పట్టుదల ఉంటే ఎక్కడైనా బతికేయొచ్చు, వ్లాదెక్‌ని చూడండి అని. దీన్ని ఒక మోటివేషన్ రీల్ చేసేయొచ్చు. దయచేసి చేయకండి.

ఎందుకో చెప్తాను. అదే క్యాంపులో మాండెల్‌బామ్ అని వాళ్ల ఊరివాడే ఒకాయన ఉన్నాడు. ఊళ్లో పెద్ద డబ్బున్నవాడు, మంచివాడు. క్యాంపులో ఆయన ప్యాంటు నిలబడక ఒక చేత్తో పట్టుకునే ఉండాలి, గిన్నె ఇంకో చేత్తో. చెప్పులు సరిపోవు. వ్లాదెక్ తనకున్న పలుకుబడితో ఆయనకి బెల్టు, చెంచా, సరిపోయే బూట్లు తెచ్చిపెట్టాడు. ఆయన ఏడ్చేశాడు. కొన్నాళ్లకి ఆయన్ని పనికి తీసుకెళ్లారు, ఇక కనపడలేదు. ఆయన చేసిన తప్పేంటి? ఏమీ లేదు.

రెండో భాగంలో ఆర్ట్ ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తాడు. ఆ డాక్టర్ కూడా ఆష్విట్జ్ నుంచి బతికొచ్చినవాడే. వాళ్లిద్దరి మాటల్లో వచ్చే విషయం ఇది: బతకడాన్ని గెలుపు అంటే, చనిపోవడాన్ని ఓటమి అన్నట్టే కదా? అలా అనలేం. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అన్నది గుణాన్ని బట్టి జరగలేదు. తెలివి వ్లాదెక్‌కి ఇంకో రోజు ఇచ్చింది, నిజమే. కానీ అంతే తెలివి ఉన్నవాళ్లు లక్షలమంది పోయారు, వాళ్ల మాట మనకి వినపడదు. మొదట్లో పదిమందిలో ఒక్కడు అన్నానే, అది ఇందుకే.

రాయడం దగ్గర వచ్చిన చిక్కు

ఇప్పుడు రెండో ప్రశ్న. వాళ్లు 1951లో అమెరికా వెళ్లారు. న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. 1968లో ఆన్యా ఆత్మహత్య చేసుకుంది. ఆర్ట్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు. యుద్ధం అయిపోయి ఇరవై ఏళ్లు దాటినా ఆమెకి అది అయిపోలేదు.

ఆన్యా యుద్ధం తర్వాత తన అనుభవాలన్నీ డైరీల్లో రాసుకుంది. పెద్దయ్యాక కొడుకు చదివితే బాగుండు అనుకుంది. ఆర్ట్ నాన్నని ఆ డైరీల గురించి అడుగుతూనే ఉంటాడు. ఎక్కడో ఉన్నాయంటాడు, వెతుకుతానంటాడు. చివరికి ఒకరోజు చెప్పేస్తాడు. ఆమె పోయాక బాధ తట్టుకోలేక తగలబెట్టేశానని. కొడుకుకి కోపం ఎంత వచ్చిందంటే, నాన్నని హంతకుడితో పోల్చేస్తాడు. మొదటి భాగం అక్కడే ముగుస్తుంది.

కాబట్టి మన చేతిలో ఉన్నది సగం కథే. ఆన్యా బిర్కెనావ్‌లో ఏం చూసింది, ఏం అనుకుంది అన్నది ఆమె మాటల్లో లేదు. ఆర్ట్ దాన్ని ఊహించి నింపేయలేదు. ఖాళీని ఖాళీగానే వదిలేశాడు. చదువుతున్నంతసేపూ ఆ లోటు మనకి తెలుస్తూనే ఉంటుంది.

ఇంకో చిక్కు. నాన్నని ఎలా చూపించాలి? వ్లాదెక్ పరమ పిసినారి. రోడ్డు మీద వైరు ముక్క కనపడినా ఏరుకుంటాడు. సగం తిన్న తిండి పెట్టెలు కూడా షాపుకి తిరిగి తీసుకెళ్లి మార్చుకుంటాడు. అద్దెలో గ్యాస్ కలిసే ఉందని, అగ్గిపుల్ల మిగులుతుందని స్టవ్ ఆపకుండా ఉంచుతాడు. రెండో భార్య మాలాతో ఎప్పుడూ గొడవే. కోడలు ఒక నల్లజాతి మనిషికి కార్లో లిఫ్ట్ ఇస్తే గొడవ చేస్తాడు. కోడలికి ఒళ్లు మండిపోతుంది, హిట్లర్ మీకు చేసిందే మీరు ఇంకొకరికి ఎలా చేస్తారు అన్నట్టు నిలదీస్తుంది. ఆయనకి ఆ పోలికే అర్థం కాదు.

ఆర్ట్ భయం ఏంటంటే, యూదులు డబ్బు పిచ్చోళ్లు అని నాజీలు వేసిన కార్టూన్లు ఉన్నాయి కదా, మా నాన్నని ఉన్నది ఉన్నట్టు గీస్తే ఆ కార్టూన్ లాగే ఉంటాడేమో అని. ఈ భయాన్ని కూడా పుస్తకంలోనే పెట్టేశాడు. పోనీ క్యాంపుల వల్లే ఆయన అలా అయ్యాడు అని సర్దిచెప్పొచ్చు కదా? మాలా ఒప్పుకోదు. ఆమె కూడా క్యాంపుల్లోంచి వచ్చిన మనిషే. మాలో ఎవరూ ఈయనలా లేరు అంటుంది.

నా అభిప్రాయం చెప్తాను. వ్లాదెక్‌ని దేవుడిలా చూపించి ఉంటే ఈ పుస్తకాన్ని మనం నమ్మేవాళ్లం కాదు. మంచివాళ్లు కాబట్టి చంపకూడదు అనే వాదన చాలా ప్రమాదం. మంచివాడు కాకపోతే చంపొచ్చా మరి? విసుగు తెప్పించే ముసలాయన, పిసినారి, మొండివాడు, ఆయనకి కూడా బతికే హక్కు ఉంది. ఆయన గురించి నిజం రాయడమే ఆయనకి గౌరవం ఇవ్వడం అని నాకు అనిపిస్తుంది.

కాకపోతే దీనికి రెండో వైపు కూడా ఉంది. మొదట్లోనే వ్లాదెక్, పెళ్లికి ముందు తనకి ఒక అమ్మాయితో ఉన్న స్నేహం గురించి చెప్పి, ఇది మాత్రం పుస్తకంలో రాయకు అంటాడు. ఆర్ట్ మాటిస్తాడు. మనం దాన్ని చదువుతున్నాం అంటే ఏంటి అర్థం? మాట తప్పాడు. తప్పానని మనకి చూపించి మరీ తప్పాడు. ఇది సరైందేనా? నేను చాలామందిని అడిగాను, సగం మంది అవునంటారు, సగం మంది కాదంటారు. నాకైతే ఇప్పటికీ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

జ్ఞాపకం ఒకటి, రికార్డు ఒకటి

ఆర్ట్ నాన్నతో మాటల్ని టేప్ రికార్డర్‌లో రికార్డు చేశాడు. 1972లో కొన్ని రోజులు, తర్వాత 1978 నుంచి మళ్లీ. వ్లాదెక్ 1982లో చనిపోయాడు. ఆ టేపులు మిగిలాయి. వాటితో పాటు ఆర్ట్ చరిత్ర పుస్తకాలు చదివాడు, ఆష్విట్జ్ వెళ్లి చూసి వచ్చాడు.

ఒకచోట రెండూ కలవలేదు. ఆష్విట్జ్ గేటు దగ్గర ఖైదీల చేత బ్యాండు వాయించేవారని రికార్డుల్లో స్పష్టంగా ఉంది. నాన్నని అడిగితే, బ్యాండా? నాకు గుర్తులేదు, నడిచిన శబ్దమే గుర్తుంది అంటాడు. ఏం చేయాలి? ఆర్ట్ ఒక బొమ్మలో బ్యాండు వేశాడు. తర్వాతి బొమ్మలో నడుస్తున్న ఖైదీల వరస ఆ బ్యాండుని దాదాపు పూర్తిగా కప్పేసింది. వాయిద్యాల కొసలు మాత్రం కనపడతాయి. నాన్న అబద్ధం చెప్పాడు అనలేదు, రికార్డు తప్పు అనలేదు. రెండూ పక్కపక్కనే ఉంచాడు.

మరి ఎలుకలు ఎందుకు? నాజీల ప్రచారంలో యూదుల్ని ఎలుకలతో పోల్చేవారు. 1940లో తీసిన ఒక ప్రచార సినిమాలో ఎలుకల గుంపుల్నీ యూదుల్నీ పక్కపక్కన చూపించారు. గ్యాస్ గదుల్లో వాడిన జైక్లాన్ బి కూడా అసలు పురుగులమందే. ఒక మనిషిని ముందు పురుగు అని పిలవడం అలవాటు చేస్తే, తర్వాత మందు కొట్టడం సులువు. ఆర్ట్ ఆ తిట్టునే తీసుకుని తిప్పికొట్టాడు. యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలండ్‌వాళ్లు పందులు, అమెరికన్లు కుక్కలు. పోలండ్‌వాళ్లలా నటించేటప్పుడు ఎలుకలు పంది మాస్కులు కట్టుకుంటాయి, వెనక తాడు కనపడుతుంది. రాస్తున్న ఆర్ట్ కూడా ఒకచోట ఎలుక మాస్కు కట్టుకున్న మామూలు మనిషిలా ఉంటాడు. అంటే ఈ జాతుల గీతలు పుట్టుకతో వచ్చినవి కావు, ముఖానికి తగిలించినవి అని. నేలమాళిగలో దాక్కున్నప్పుడు ఆన్యా ఎలుకని చూసి భయపడుతుంది. ఎలుకల బొమ్మల్లో ఎలుకంటే భయం! అక్కడ నవ్వాలో ఏడవాలో తెలీదు.

రెండో భాగం వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్ తన బెస్ట్ సెల్లర్ లిస్టులో దీన్ని ఫిక్షన్, అంటే కల్పిత కథ వరసలో పెట్టింది. ఆర్ట్ ఉత్తరం రాశాడు. మా నాన్న జీవితం కల్పితం కాదు అని. పత్రిక లిస్టు మార్చింది. 2022 జనవరిలో అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో ఒక కౌంటీ స్కూల్ బోర్డు ఈ పుస్తకాన్ని ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేసింది. కొన్ని బూతు మాటలు, ఒక నగ్న బొమ్మ ఉన్నాయని కారణం చెప్పారు. ఆ వార్త వచ్చాక జనం ఎగబడి కొన్నారు, అది వేరే సంగతి.

మన చేతిలో ఉన్న రికార్డర్

ఇదే యుద్ధం మన వైపు కూడా తగిలింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అంతకుముందు నుంచే రంగూన్ మీద బాంబులు పడుతుంటే బర్మా నుంచి లక్షలమంది భారతీయులు బయల్దేరారు. అడవుల్లోంచి, కొండల మీదుగా నడిచి వచ్చినవాళ్లు ఎందరో. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. యూదులకి జరిగినదీ ఇదీ ఒకటే అని నేను అనడం లేదు, అసలు కాదు. కానీ ఆ నడకని చూసిన కళ్లు ఇప్పుడు చాలా కొద్దిగా మిగిలాయి. వాళ్ల నోటి నుంచి విన్నవాళ్లు మాత్రం మీ ఇంట్లోనే ఉండొచ్చు. బర్మా కాకపోతే రజాకార్ల కాలం, దివిసీమ ఉప్పెన, ఏదో ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

ఆర్ట్ టేప్ రికార్డర్ మోసుకెళ్లాల్సి వచ్చింది. మీకు ఫోన్ జేబులోనే ఉంది. ఈ పుస్తకం నుంచి నేను నేర్చుకున్న పద్ధతి చెప్తాను. అమ్మమ్మని కూర్చోబెట్టి, నీ జీవితం గురించి చెప్పు అంటే ఏమీ రాదు. చిన్న ప్రశ్నలు అడగండి. ఆ రోజు ఏం తిన్నారు? కాళ్లకి చెప్పులున్నాయా? ఇంటి తలుపు ఎటు వైపు ఉండేది? కాగితం ఇచ్చి ఇంటి బొమ్మ గీయమనండి. పని చేసుకుంటున్నప్పుడు అడగండి, వ్లాదెక్ ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కుతూనే సగం కథ చెప్పాడు. తారీఖులు తప్పు చెప్తే మధ్యలో ఆపి దిద్దకండి, తర్వాత పక్కన రాసుకోండి. ఇది ఎవరికీ చెప్పొద్దు అంటే, మాటిచ్చే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఇక ఇంట్లో పాత ఉత్తరాలు, డైరీలు, పద్దు పుస్తకాలు ఉంటే ముందు ఫోటోలు తీసి పెట్టేయండి. ఆన్యా డైరీలకి ఆ అవకాశం దొరకలేదు.

'మౌస్' రెండు భాగాలూ కలిపి దాదాపు 300 పేజీలు. ఇంగ్లిష్ సులువుగానే ఉంటుంది, వ్లాదెక్ మాట్లాడేది కూడా వచ్చీరాని ఇంగ్లిషే. మొదటి భాగం చదివి, నాన్నకిచ్చిన మాట తప్పిన ఆ విషయంలో మీరు ఏ వైపో నాకు చెప్పండి. మీరే ఆర్ట్ అయితే ఏం చేసేవారు? చదివి మరీ చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.